నీరు పోయే బిళ్ల: ఎంత, ఎప్పుడు, ఎప్పుడు డాక్టర్‌కి ఫోన్ చేయాలి

లాసిక్స్, డైటార్, టెల్మా హెచ్, ఆల్డాక్టోన్, లాసిలాక్టోన్. బీపీ మనిషో గుండె జబ్బు మనిషో ఉన్న ఇంట్లో మందుల డబ్బా తెరిస్తే, ఒంట్లో నీటిని మూత్రంలో పోగొట్టే ఈ బిళ్లల్లో ఒకటైనా కనిపిస్తుంది. నేను మెడికల్ షాపులో పనిచేస్తాను కాబట్టి ఈ బిళ్లల గురించి రోజూ ఒకే ప్రశ్న వింటుంటాను: "వాపు తగ్గలేదండీ, ఇంకో సగం వేసుకోవచ్చా?" అడిగి వేసుకునేవాళ్లు నయం, అడక్కుండానే పెంచుకునేవాళ్లు, వాపు దిగిపోయింది కదా అని డాక్టర్‌కి చెప్పకుండా మానేసేవాళ్లు చాలామంది ఉన్నారు, భయమంతా వాళ్ల గురించే.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ బిళ్ల డోసు కాలి వాపు చూసి తేల్చుకునేది కాదండీ. పొద్దున్నే తూకం ఎంత ఉంది, బీపీ ఎంత ఉంది, రక్త పరీక్షలో సోడియం, పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే అంకె) ఎలా ఉన్నాయి, ఇవి చూసి డాక్టర్ తేల్చాలి. ఇంట్లో మనం చేయాల్సిన పని ఈ లెక్కలు సరిగ్గా రాసిపెట్టుకోవడం, ఏ లెక్క దాటితే ఫోన్ చేయాలో తెలుసుకోవడం. కింద రాసిన డోసులు మామూలుగా వాడే మోతాదులు, మీ చీటీలో ఉన్నది అర్థం కావడానికే తప్ప చీటీ మార్చుకోవడానికి కాదు.

ముందు స్ట్రిప్ వెనక్కి తిప్పి చదవండి

పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. దాని కింద చిన్న అక్షరాల్లో ఉండేది అసలు మందు పేరు, మీకు కావాల్సింది అదీ, పక్కనున్న ఎంజీ అంకే.

ఫ్యూరోసెమైడ్ (లాసిక్స్), టోర్సెమైడ్ (డైటార్) గట్టి రకం. ఒంట్లో చేరిన నీటిని లాగేయడానికి వాడతారు, గుండె, కిడ్నీ, లివర్ జబ్బుల్లో వచ్చే వాపుకి ఇవే. ఫ్యూరోసెమైడ్ సాధారణంగా 20 నుంచి 40 ఎంజీతో మొదలుపెడతారు, టోర్సెమైడ్ అయితే 10 నుంచి 20. దాదాపుగా 40 ఎంజీ ఫ్యూరోసెమైడ్ బిళ్లకి 20 ఎంజీ టోర్సెమైడ్ సమానం, అందుకని డాక్టర్ ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చినప్పుడు అంకె సగమైందని "డోసు తగ్గించారు" అనుకుని రెండు వేసుకోకండి. ఫ్యూరోసెమైడ్ నోటితో వేసుకుంటే సగటున సగమే ఒంటికి పడుతుంది, అది కూడా మనిషిని బట్టి బాగా మారుతుంది. టోర్సెమైడ్ ఎనభై శాతం పైనే పడుతుంది.

రెండో రకం బీపీ కోసం వాడేవి: హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్థాలిడోన్, ఇండపమైడ్. టెల్మా హెచ్‌లో "హెచ్" అంటే ఈ హైడ్రోక్లోరోథయజైడే, 12.5 ఎంజీ ఉంటుంది. చాలామందికి తాము నీరు పోయే బిళ్ల వేసుకుంటున్నట్టే తెలియదు, బీపీ బిళ్లలో కలిసి ఉంటుంది కాబట్టి. వీటి డోసు చిన్నది, హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్థాలిడోన్ రోజుకి 12.5 నుంచి 25 ఎంజీ, ఇండపమైడ్ అయితే 1.25 నుంచి 2.5 మాత్రమే. దానికి మించి పెంచినా బీపీ పెద్దగా తగ్గదు, పొటాషియం, సోడియం మాత్రం పడిపోతాయి. క్లోర్థాలిడోన్ ఒంట్లో రెండు మూడు రోజులు ఉండిపోతుంది, కనుక ఒక పూట మర్చిపోతే కొంపలేం మునిగిపోవు.

మూడోది పొటాషియాన్ని బయటికి పోనివ్వని రకం, స్పిరొనోలాక్టోన్ (ఆల్డాక్టోన్), ఎప్లెరినోన్. బీపీకి, గుండెకి 25 నుంచి 50 ఎంజీ, లివర్ జబ్బులో పొట్టకి నీరు పట్టినప్పుడు 100 వరకూ, ఒక్కోసారి ఇంకా పైకి వెళ్తారు. మగవాళ్లకి కొందరికి రొమ్ము నొప్పి, వాపు వస్తాయి, సిగ్గుపడి దాచుకోకుండా చెబితే ఎప్లెరినోన్‌కి మారుస్తారు.

ఇప్పుడు అసలు ప్రమాదం ఎక్కడుందో చూడండి. టోర్సెమైడ్ 10 బిళ్ల ఉంది, 100 బిళ్ల కూడా ఉంది, 100 అనేది కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకి. చీటీలో చేతిరాత "10" పక్కన సున్నాలా ఒక గీత పడితే చాలు, 100 అని చదివేస్తారు. బిళ్లలు చేతికి తీసుకోగానే కౌంటర్ దగ్గరే నిలబడి చీటీలో అంకె, స్ట్రిప్ మీద అంకె కలిపి చూసుకోండి, వెనక క్యూ ఉన్నా సరే. కంపెనీ పేరులో "ప్లస్" అని ఉన్నవాటిలో, లాసిలాక్టోన్ లాంటివాటిలో రెండు మందులు కలిసి ఉంటాయి. లాసిలాక్టోన్ 50 లో ఫ్యూరోసెమైడ్ 20, స్పిరొనోలాక్టోన్ 50 ఉంటాయి, దానితోపాటు ఇంట్లో పాత ఆల్డాక్టోన్ కూడా వేసుకుంటే డబుల్ అయినట్టే. ఆస్పత్రి నుంచి డిశ్చార్జ్ అయినప్పుడు ఇది మరీ ఎక్కువ. అక్కడ ఒక కంపెనీ టోర్సెమైడ్ రాస్తారు, ఇంట్లో వేరే కంపెనీది ముందే ఉంటుంది, పేర్లు వేరు కాబట్టి పెద్దాయన రెండూ వేసుకుంటాడు. డిశ్చార్జ్ అయి వచ్చిన రోజే పాత డబ్బా మొత్తం మంచం మీద పోసి, చిన్న అక్షరాలు చదివి, ఒకే మందు ఉన్నవి పక్కకి తీసేయండి.

ఈ వాపు అసలు ఈ బిళ్లతో తగ్గేదేనా?

వేలితో పాదం మీద, చీలమండ దగ్గర ఐదారు సెకన్లు నొక్కితే గుంట పడి కాసేపటికి గానీ నిండకపోతే అది నీరు. రెండు కాళ్లకీ సమానంగా ఉండి, ఆయాసం, పడుకుంటే దగ్గు, రాత్రి ఊపిరాడక లేచి కూర్చోవడం ఉంటే గుండె. ముఖం, కళ్ల కింద పొద్దున్నే ఉబ్బితే కిడ్నీ చూడాలి. పొట్ట ముందు పెరిగితే లివర్. ఇవన్నీ డాక్టర్ తేల్చాల్సినవే, అయినా ఏం అడగాలో మనకి తెలిస్తే మంచిది.

అమ్లోడిపిన్ వాపు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది మన ఇళ్లల్లో నిత్యం జరుగుతోంది. బీపీకి అమ్లోడిపిన్ 5 ఇస్తారు, తర్వాత 10 చేస్తారు, కొన్ని వారాలకి సాయంత్రం అయ్యేసరికి చీలమండలు ఉబ్బి చెప్పులు బిగుసుకుంటాయి. ఇది ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదు. ఆ మందు చిన్న రక్తనాళాలను వెడల్పు చేయడం వల్ల నీరు బయటికి ఊరి కాలి చర్మం కింద చేరడం. దీనికి లాసిక్స్ వేస్తే వాపు పెద్దగా తగ్గదు, ఒంట్లో ఉండాల్సిన నీరు పోయి కళ్లు తిరుగుతాయి, పొటాషియం పడిపోతుంది, దానికి మళ్లీ పొటాషియం సిరప్ రాస్తారు, ఇలా ఒక మందు చేసిన పనికి ఇంకో మందు, దానికి ఇంకోటి. దీనికి సరైన దారి అమ్లోడిపిన్ డోసు తగ్గించడం, లేదా మార్చడం, లేదా టెల్మిసార్టన్ (టెల్మాలో ఉండే బీపీ మందు) లాంటిది జత చేయడం. కాబట్టి వాపు కొత్తగా వస్తే డాక్టర్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న "నేను వేసుకునే మందుల్లో దేని వల్లైనా వచ్చిందా?" అని. మోకాళ్ల నొప్పికి వేసుకునే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కూడా ఒంట్లో ఉప్పు, నీరు పట్టి ఉంచుతాయి. షుగర్‌కి వాడే పయోగ్లిటాజోన్ కూడా అంతే, స్టెరాయిడ్లు కూడా.

ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. బోదకాలు వాపు ఈ బిళ్లలతో తగ్గదు, దానికి కాలు శుభ్రంగా కడిగి తుడవడం, ఎత్తు మీద పెట్టుకోవడం, వ్యాయామం, పుండ్లు పడకుండా చూసుకోవడం ముఖ్యం. గర్భిణికి కాళ్లు వాచాయని అత్తగారి డబ్బాలోంచి లాసిక్స్ తీసి ఇవ్వడం అసలు వద్దు. ఆమెకి తలనొప్పి, కళ్లు మసకలు, బీపీ ఎక్కువ ఉంటే అది గుర్రపువాతం (గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ రావడం) ముందు దశ కావొచ్చు, వెంటనే ఆస్పత్రి.

బరువు తగ్గడానికి వీటిని వాడేవాళ్లకి ఒకటే మాట: పోయేది నీరు, కొవ్వు కాదు, నాలుగు గ్లాసులు తాగగానే తిరిగొస్తుంది. (2003 ప్రపంచకప్ మొదలవుతుండగా ఆస్ట్రేలియా క్రికెటర్ షేన్ వార్న్‌ని ఇంటికి పంపించి ఏడాది నిషేధించింది ఈ కోవ బిళ్ల వేసుకున్నందుకే.)

ఏ టైముకి వేసుకోవాలి

పొద్దున్నే. ఫ్యూరోసెమైడ్ వేసుకున్న గంటలోపే మూత్రం మొదలవుతుంది, మొదటి రెండు గంటల్లో ఉధృతంగా ఉండి ఆరేడు గంటల్లో సద్దుమణుగుతుంది. రెండు పూటలు రాస్తే రెండోది మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు లోపు. "రోజుకి రెండు" అనగానే పొద్దున ఒకటి, రాత్రి భోజనం తర్వాత ఒకటి వేసుకోవడం మనకి అలవాటు, ఈ బిళ్లకి మాత్రం అది పనికిరాదు. రాత్రంతా లేవాలి, నిద్రమత్తులో, చీకట్లో, తడి బాత్రూంలో పెద్దవాళ్లు జారిపడి తుంటి విరగ్గొట్టుకునేది ఇలాగే.

పెళ్లికో, బస్సు ప్రయాణానికో, తిరుమల దర్శనానికో వెళ్లే రోజు చాలామంది బిళ్ల మానేస్తారు, బాత్రూం దొరకదని. అర్థం చేసుకోదగ్గ ఇబ్బందే. కానీ గుండె జబ్బు మనిషి రెండ్రోజుల యాత్రలో రెండ్రోజులూ మానేసి, ప్రసాదం, పులిహోర, హోటల్ సాంబారు తింటే మూడో రోజుకి ఆయాసంతో ఆస్పత్రిలో తేలతాడు. మానేయడం బదులు టైము మార్చుకోవచ్చా అని డాక్టర్‌ని ముందే అడగండి. గమ్యం చేరాక మధ్యాహ్నం వేసుకోమని చాలాసార్లు ఒప్పుకుంటారు. పొద్దున మర్చిపోతే సాయంత్రం నాలుగులోపు గుర్తొస్తే వేసుకోండి, దాటిపోతే వదిలేసి మర్నాడు మామూలుగా ఒక్కటే. నిన్నటిదీ ఇవాళ్టిదీ కలిపి రెండు వేసుకోవద్దు.

డోసు పెంచడం, తగ్గించడం వెనక ఉన్న లెక్క

గట్టి రకం బిళ్లలు పనిచేసే తీరు బోరు మోటారు లాంటిది. ఓల్టేజీ కొంత మేరకి చేరేదాకా చుక్క నీరు రాదు, చేరాక ఒక్కసారిగా పడుతుంది, ఆ పైన ఎంత పెంచినా నీరేమీ పెరగదు, మోటారు కాలుతుంది. ఒకాయనకి 20 చాలు, ఇంకొకాయనకి 40 కి కూడా కదలిక ఉండదు, కిడ్నీ బలహీనంగా ఉంటే ఇంకా ఎక్కువ కావాలి. అందుకే పొద్దున 20, మధ్యాహ్నం 20 వేసుకోవడం ఒక్కసారి 40 వేసుకోవడంతో సమానం కాదు. బిళ్ల వేసుకున్న రెండు గంటల్లో మూత్రం బాగా వచ్చిందా, మామూలుగానే ఉందా అని గమనించి డాక్టర్‌కి చెప్పండి, "వాపు తగ్గలేదు" అనేదానికంటే ఇది వెయ్యి రెట్లు పనికొచ్చే సమాచారం. మూత్రమే రాలేదంటే డోసు చాలట్లేదు. మూత్రం బాగా వస్తున్నా వాపు అలాగే ఉందంటే తిండిలో ఉప్పు అయినా ఎక్కువై ఉండాలి, లేక వాపుకి కారణం వేరేదై ఉండాలి.

తూకం ఇలా చూడాలి. పొద్దున లేచి మూత్రానికి వెళ్లొచ్చాక, కాఫీ, టిఫిన్ ఏవీ ముట్టకముందు, రోజూ ఒకే త్రాసు, గచ్చు మీద పెట్టి, ఒకే రకం పల్చని బట్టలతో. క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే పెన్నుతో రాసేయండి, పక్కన బీపీ. వాపు దిగి, ఆయాసం లేకుండా, కళ్లు తిరక్కుండా ఉన్న రోజు తూకాన్ని డాక్టర్ మీ డ్రై వెయిట్‌గా చెబుతారు, ఆ అంకె క్యాలెండర్ పైన పెద్దగా రాసుకోండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది తిండి బరువు కాదు, నీరు. కాళ్లు ఇంకా వాచకముందే త్రాసు చెప్పేస్తుంది, ఫోన్ చేయండి. తగ్గేటప్పుడు కూడా లెక్క ఉంది: ఇంటి దగ్గర రోజుకి అర కిలో నుంచి కిలో వరకూ తగ్గడం మామూలు, అంతకంటే వేగంగా పడిపోతున్నా, డ్రై వెయిట్ దాటి కిందికి పోతున్నా బిళ్ల ఎక్కువైనట్టే. లివర్ జబ్బులో పొట్టలో మాత్రమే నీరు ఉండి కాళ్ల వాపు లేనివాళ్లకి రోజుకి అర కిలో మించకూడదు, మించితే కిడ్నీలు దెబ్బతింటాయి, మగతగా అయిపోతారు.

బీపీ కూర్చుని చూసి ఊరుకోకండి. ఐదు నిమిషాలు కూర్చుని ఒకసారి, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి మళ్లీ చూడండి. పై అంకె 20 లేదా అంతకంటే ఎక్కువ పడితే, కళ్లు బైర్లు కమ్మితే డోసు గురించి మాట్లాడాల్సిన టైము వచ్చింది.

రక్త పరీక్ష మానొద్దు

మొదలుపెట్టిన ఒకటి రెండు వారాల్లో ఒకసారి, డోసు మార్చినప్పుడల్లా ఒకసారి సోడియం, పొటాషియం, క్రియాటినిన్ చూడాలి, తర్వాత అంతా నిలకడగా ఉంటే కొన్ని నెలలకోసారి. స్పిరొనోలాక్టోన్ మొదలుపెడితే వారంలోనే చూడాలి. పెద్ద టెస్టులేం కావు, చిన్న ఊరి ల్యాబ్‌లో కూడా చేస్తారు. పొటాషియం 3.5 నుంచి 5, సోడియం 135 నుంచి 145 మధ్య ఉండాలి.

పొటాషియం తగ్గితే పిక్కలు పట్టేస్తాయి, కాళ్లు తేలిపోతాయి, గుండె దడదడలాడుతుంది. డిగాక్సిన్ అనే గుండె బిళ్ల వేసుకునేవాళ్లకి ఇది మరీ ప్రమాదం. పెరిగితే చాలాసార్లు ఏ గుర్తూ ఉండదు, నేరుగా గుండె లయ తప్పుతుంది, అందుకే పరీక్ష తప్ప మార్గం లేదు. సోడియం తగ్గడం ఎక్కువగా బీపీ రకం బిళ్లలతో, సన్నగా ఉండే పెద్దవయసు ఆడవాళ్లలో, మొదలుపెట్టిన మొదటి వారాల్లో కనిపిస్తుంది. అమ్మమ్మ ఉన్నట్టుండి తూలుతుంది, మాట తడబడుతుంది, మనవణ్ని గుర్తుపట్టదు. ఇంట్లోవాళ్లు పక్షవాతమనో వయసు మీదపడిందనో అనుకుంటారు. ఆస్పత్రికి తీసుకెళ్లి, కొత్తగా మొదలైన బీపీ బిళ్ల స్ట్రిప్ డాక్టర్ చేతిలో పెట్టండి. "వేడి చేసింది" అని లీటర్ల కొద్దీ మంచినీళ్లు తాగిస్తే సోడియం ఇంకా పడిపోతుంది.

యూరిక్ యాసిడ్ పెరిగి బొటనవేలు కీలు మంట పుట్టడం, షుగర్ కాస్త పెరగడం కూడా వీటితో ఉంటాయి. గౌట్ (యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్ల జబ్బు) ఉన్నవాళ్లు, మానసిక జబ్బుకి లిథియం వాడేవాళ్లు, సల్ఫా మందు పడనివాళ్లు ముందే చెప్పాలి.

ఎండలు, విరేచనాలు, నొప్పి బిళ్లలు

మే నెలలో వడగాలులప్పుడు, లేదా వాంతులు విరేచనాలు పట్టుకున్నప్పుడు, జ్వరంతో తిండి పోనప్పుడు ఒంట్లో నీరు ఎటూ పోతూనే ఉంటుంది, దానిమీద ఈ బిళ్ల కూడా వేస్తే కిడ్నీలు ఎండిపోతాయి. అలాంటి రోజు బిళ్ల వేసుకోకముందే డాక్టర్‌కి ఫోన్ చేయండి. చాలామందికి తిండి, నీళ్లు మళ్లీ సరిగ్గా పట్టేదాకా ఒకటి రెండు రోజులు ఆపమంటారు, టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటివి కూడా ఆపమనొచ్చు. గుండె బాగా బలహీనంగా ఉన్నవాళ్లకి మాత్రం సొంతంగా ఆపడమూ ప్రమాదమే. ఓఆర్‌ఎస్‌లో ఉప్పు ఉంటుంది, ఎంత తాగాలో కూడా ఆ ఫోన్‌లోనే అడిగేయండి.

నీరు పోయే బిళ్ల, టెల్మిసార్టన్ లేదా రామిప్రిల్ లాంటి బీపీ బిళ్ల, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ల, ఈ మూడూ ఒకేసారి ఒంట్లో పడితే కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతినొచ్చు. మోకాళ్ల నొప్పికి షాపులో అడిగేటప్పుడు "నేను బీపీకి నీరు బిళ్ల వాడుతున్నా" అని ఒక్క మాట చెప్పండి, పారాసెటమాల్ ఇస్తారు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర కాళ్ల వాపుకి లాసిక్స్ ఇంజెక్షన్ వేయించుకోవడం కూడా వద్దు. సూది నిమిషాల్లో పనిచేస్తుంది, బీపీ, పొటాషియం చూడకుండా చేసే పని కాదు.

తిండి

ఉప్పు తగ్గించకుండా బిళ్ల పెంచుకుంటూ పోతే లాభం లేదు. బిళ్ల ప్రభావం దిగిపోగానే కిడ్నీ ఉప్పుని మళ్లీ గట్టిగా పట్టుకుంటుంది, ఆ గంటల్లో ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపలు లోపలికి వెళ్తే పొద్దున పోయిందంతా రాత్రికి వెనక్కొస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజుకి 5 గ్రాముల లోపు, అంటే సుమారు ఒక టీ చెంచా, కూరలో, మజ్జిగలో, చట్నీలో అన్నీ కలిపి.

కొబ్బరినీళ్లు, అరటిపండ్లు ఒకరికి మంచివి, ఇంకొకరికి విషం. లాసిక్స్ మాత్రమే వేసుకుంటూ పొటాషియం తగ్గినవాళ్లకి డాక్టరే తాగమనొచ్చు. స్పిరొనోలాక్టోన్ వాడేవాళ్లకి, దానితో టెల్మిసార్టన్ కూడా ఉన్నవాళ్లకి, క్రియాటినిన్ ఎక్కువున్నవాళ్లకి రోజూ బొండం తాగడం ప్రమాదం. "తక్కువ సోడియం ఉప్పు" ప్యాకెట్లలో సోడియం స్థానంలో పొటాషియం కలుపుతారు, వీళ్లు అదీ వాడకూడదు. దగ్గుకి అతిమధురం రోజూ నమిలేవాళ్లు మానేయాలి, అది బీపీ పెంచి పొటాషియం తగ్గిస్తుంది.

ఆగకూడని పరిస్థితులు

పడుకుంటే ఊపిరాడకపోవడం, నురగ కఫం, ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, గుండె లయ తప్పి కొట్టుకోవడం, మనిషి మగతగా అయిపోవడం, సగం రోజు మూత్రమే రాకపోవడం. వీటిలో ఏది కనిపించినా ఇంట్లో ఇంకో బిళ్ల వేసి చూద్దాం అనుకోకండి, 108 కి ఫోన్ చేయండి, వెళ్లేటప్పుడు మందుల డబ్బా, క్యాలెండర్ కాగితం చేతిలో పట్టుకెళ్లండి.

మామూలు ఓపీకి వెళ్లినప్పుడు డాక్టర్ గది నుంచి లేచేముందు నాలుగు విషయాలు అడిగి చీటీ వెనకే రాయించుకోండి: నా డ్రై వెయిట్ ఎంత, ఎన్ని కిలోలు పెరిగితే ఫోన్ చేయాలి, వాంతులు విరేచనాలు అయితే ఏ బిళ్లలు ఆపాలి, మళ్లీ రక్త పరీక్ష ఏ తేదీన. రోజుకి ఎన్ని లీటర్ల నీళ్లు తాగొచ్చో కూడా గుండె, కిడ్నీ మనుషులు అడగాలి, అది అందరికీ ఒకటి కాదు.